తల్లిబూజు

సొరాయిదా పెద్రోసో చనిపోయిన రోజే తల్లిబూజు కూడా పోయింది. మొదటి వార్త తెల్లారేసరికి హోబో గ్రాందె ఊరంతా పాకింది. రెండోదాని సంగతి ఖననం అయ్యాక గాని ఎవరికీ తట్టలేదు.

బుధవారం పొద్దున మిగ్దాలియా ఎప్పటిలాగే బూజు పెంచే సెంటరు తెరిచి వెనక గదిలోకి వెళ్ళేసరికి, ఆ పెద్దావిడ ఫ్రిజ్ పక్కన నేలమీద ఒరిగి ఉంది. డాక్టరు గుండెపోటు అన్నాడు. ముందురోజు సాయంత్రం పోయిన కరెంటు అప్పటికీ రాలేదు. ఫ్రిజ్‌లో చెక్క స్టాండులో నిలబెట్టిన ట్యూబుల్లో తెల్లగా, పాలమీగడలా ఉండాల్సిన బూజు గోధుమరంగుకి తిరిగి అడుగున ముద్దగా పడి ఉంది.

పై ఊరివాళ్ళు ఎవరైనా వింటే, బూజు పోతే ఏడవడమేమిటని నవ్వుతారు. హోబో గ్రాందెలో నవ్వరు. ఓడలు రావడం మానేసి, ఎరువూ పురుగుమందూ మాటల్లోనే మిగిలిపోయిన రోజుల్లో ఊరు ఖాళీ జాగాలన్నీ మళ్ళు కట్టి కూరలు వేసుకుంది. రెండు పంటలు బాగానే వచ్చాయి. మూడోదానికి మొక్కలు మిట్టమధ్యాహ్నం తలవాల్చేయడం మొదలుపెట్టాయి. పీకి చూస్తే వేళ్ళనిండా పూసలు గుచ్చినట్టు బుడిపెలు. కంటికి కనిపించని నులిపురుగులు లోపల కూర్చుని మొక్క తాగే నీళ్ళని తాగేస్తున్నాయి. సొరాయిదా ఊరంతా తిరిగి వేళ్ళు పీకి చూసి, ఎక్కడో ఒక మూల ఎర్రమట్టిలో ఆ పురుగు గుడ్లని తినే బూజుని పట్టుకుంది. దాన్ని ట్యూబుల్లో తల్లిబూజుగా దాచుకుని, అందులోంచి కొంచెం కొంచెం తీసి నూకల్లో పెంచి, సంచుల్లో నింపి, ఇంటింటికీ ఇచ్చింది. మడి అంచున బంతి వెయ్యండి, నువ్వులు వెయ్యండి, పంటకీ పంటకీ మధ్య జనుము వెయ్యండి, ఈ నూకలు నారుమట్టిలో కలపండి అని చెప్పింది. రాజధాని నుంచి వచ్చిన బూజు ఈ మట్టిలో నిలవలేదు. ఈ మట్టిలో పుట్టిందే నిలిచింది.

పోలీసు లెఫ్టినెంట్ ఒదాలిస్ ఫుండోరా తల్లి ఆ రోజుల్లో బెండకాయ పులుసు వడ్డించేటప్పుడు దేవుడి పేరు తలిచేది కాదు. "సొరాయిదా చెయ్యి చల్లగా ఉండాలి," అని గరిటె తీసేది. అది విని పెరిగిన ఒదాలిస్ గురువారం శవపేటిక మీద చెయ్యి వేసి నిలబడింది. చెప్పాల్సిన మాట చాలాకాలం క్రితమే చెప్పి ఉండాల్సింది.

శుక్రవారం పొద్దున్నే ఆమె సెంటరుకి వచ్చింది.

"ఇంకోసారి చెప్పు మిగ్దాలియా. తొందర లేదు."

మిగ్దాలియా బల్ల తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. నూకలు కడగడం, సంచుల్లో నింపడం, కుక్కరు ఎక్కించడం ఆమె పని. "ఎన్నిసార్లు చెప్పమంటావు తల్లీ? కెప్టెన్ గారికి చెప్పాను. డాక్టరుకి చెప్పాను. రొట్టెల క్యూలో అడిగినవాళ్ళందరికీ చెప్పాను. వచ్చాను, తలుపు వేసుంది, తీశాను, చూశాను, అరిచాను."

"వేసుంది అంటే? దగ్గరగా వేసుందా, గడియ పెట్టుందా?"

"వేసుంది."

"మాటలొద్దు. తలుపు దగ్గరికెళ్ళి ఆరోజు ఎలా తీశావో చేసి చూపించు."

మిగ్దాలియా గుడ్డ భుజాన వేసుకుని నడవలోకి వెళ్ళింది. గది తలుపు ముందు నిలబడింది. ఆమె కుడిచెయ్యి తనంతట తానే పైకి లేచి, గడియ పట్టుకుని, పక్కకి లాగింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గడియ పెట్టుంది," అంది మెల్లగా. "బయట గడియ."

ఒదాలిస్ ఆ గడియని ఒకసారి వేసి, తీసి చూసింది.

"ఈ తలుపు ఓరగా కనబడితే ఎవరైనా సరే గడియ పెట్టి పోవాలి తల్లీ. గాలి దూరితే అడ్డమైన బూజులూ దూరతాయి. సొరాయిదాయే నేర్పింది. దారినపోయే చెయ్యి గడియ వెయ్యాలి అనేది. మాకందరికీ అది ఊపిరి పీల్చుకున్నట్టే."

"మంగళవారం వెళ్ళేటప్పుడు నువ్వు పెట్టావా?"

"పెట్టే ఉంటాను. గుర్తు లేదు. ఊపిరి పీల్చుకున్నది ఎవరికి గుర్తుంటుంది?" ఆమె చూపు తలుపు పక్కన గోడకున్న కొక్కేనికి వెళ్ళింది. సొరాయిదా గుడ్డసంచి ఇంకా అక్కడే వేలాడుతోంది. బయటి వస్తువులేవీ ఆ గదిలోకి తీసుకెళ్ళరు. గుండెకి నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఆ సంచిలోనే ఉన్నాయి. "లోపల ఉందేమో తొంగి చూడలేదు నేను. నేనే చంపానా తల్లీ?"

"తెలీదు," అంది ఒదాలిస్. అబద్ధపు ఓదార్పు ఆమెకి చేతకాదు. "తెలిసేదాకా నువ్వు ఆ మాట అనుకోకు. కెప్టెన్‌కి చెప్పనిది నాకు చెప్పావు. ఈ మేలు మర్చిపోను."

కొక్కెం కింద రబ్బరు బూట్లు ఉన్నాయి. ఒదాలిస్ వంగి ఒక బూటు తిప్పి చూసింది. మడమ సందుల్లో ఎర్రమట్టి ఎండి పెళుసుబారి ఉంది. సెంటరు చుట్టూ అంతా సిమెంటే.

"ఇవి ఆవిడవేనా?"

"ఆవిడవే. ఎప్పుడూ అక్కడే ఉంటాయి."

"మట్టి కూడా ఎప్పుడూ ఉంటుందా?"

మిగ్దాలియా నుదురు ముడుచుకుంది. "లేదు. ఎక్కడికెళ్ళొచ్చినా పంపు కింద కడిగి పెడుతుంది. తొందరలో ఉంటే తప్ప."

ఇద్దరూ గదిలోకి వెళ్ళారు. ఫ్రిజ్‌లోంచి ఒదాలిస్ ఒక ట్యూబు తీసి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. అడుగున రెండు వేళ్ళ మందాన జెల్లీ. గ్లాసులో నీళ్ళలా సమంగా ఉంది.

"ఈ జెల్లీ ఎలా తయారుచేస్తారు?"

"పాయసంలో వేసే చైనాగ్రాసు లాంటిదే. వేడిగా పోసి, ట్యూబుని ఓ కర్రకి ఆనించి వాలుగా పడుకోబెడతాం. అలాగే ఏటవాలుగా గడ్డకడుతుంది. బూజు పాకడానికి చోటెక్కువ దొరకాలి కదా." చెబుతూ చెబుతూ మిగ్దాలియా ట్యూబు వైపు చూసింది. తర్వాత రెండోది తీసింది. మూడోది తీసింది. "వాలు ఏది? వీటికి వాలేది?"

"నువ్వే చెప్పాలి."

"ఇవి కరిగాయి. కరిగి, నిలబెట్టి ఉండగా మళ్ళీ గడ్డకట్టాయి."

"ఫ్రిజ్ ఆగిపోతే కరుగుతాయా?"

"ఎండలో పెట్టినా కరగవు. నీళ్ళు మరిగే వేడి కావాలి. కుక్కరు కావాలి."

"మంగళవారం రాత్రి కరెంటు లేదు."

"కరెంటు లేకపోతే పెరట్లో కట్టెలపొయ్యి మీద ఎక్కిస్తాం." ఆమె గొంతు తగ్గింది. "బుధవారం పొద్దున పొయ్యిలో బూడిద వెచ్చగా ఉంది తల్లీ. ఆవిడే రాత్రి నూకలు ఉడికించి ఉంటుందనుకున్నా. తర్వాత ఈ గోలలో మర్చిపోయా."

"ఉడికించిన నూకల సంచులు ఎన్ని కనబడ్డాయి?"

"ఒక్కటీ లేదు."

బయట జీపు ఆగిన చప్పుడైంది.

కెప్టెన్ నివాల్దో జిల్లా కేంద్రం నుంచి వచ్చినవాడు. ఇస్త్రీ చొక్కా మీద చెమట మచ్చ ఉండదు. ఒదాలిస్ మొదలుపెట్టిన కేసులు రెండు ఇంతకుముందు ఆయన పేరుతోనే ముగిశాయి. ఆయన వెనకే సెంటరు డైరెక్టరైన ఇంజనీరు దగొబెర్తో దిగాడు. మెత్తటి మనిషి. చేతికి నల్ల గుడ్డ కట్టుకున్నాడు.

"ఏమమ్మా లెఫ్టినెంటూ! ఇప్పుడు బూజుని కూడా విచారిస్తున్నావా? నేరం ఒప్పుకుందా?"

"ఇంకా లేదు కెప్టెన్ గారూ. ఇప్పటిదాకా అబద్ధం మాత్రం ఆడలేదు."

"చూడమ్మా. ముసలావిడ. గుండె జబ్బు. చీకటి. పిల్లల్లా పెంచుకున్న ట్యూబులు కరెంటు లేక పాడయ్యాయి. చూసింది, గుండె ఆగింది. దుఃఖానికి బేడీలు వేస్తావా ఏమిటి? సాయంత్రం ఫైలు మూసేస్తున్నాను."

"ఆ వేడికి బూజు చచ్చిపోయింది పాపం," అన్నాడు ఇంజనీరు. "చాలా సున్నితమైన ప్రాణి."

ఒదాలిస్ ఆయన వైపు తిరిగింది. "ఇంజనీరు గారూ, నాకు చదువు తక్కువ. ఈ సున్నితమైన ప్రాణి మళ్ళల్లో ఎక్కడ బతుకుతుంది?"

"మట్టిలో."

"ఆగస్టు ఎండకి కాగే మట్టిలోనా?"

"...అవును."

"ఆగస్టు మట్టి కన్నా ఆగిపోయిన ఫ్రిజ్ వేడిగా ఉంటుందా?"

కెప్టెన్ గడ్డం గోక్కున్నాడు. ఒదాలిస్ ట్యూబు చూపించి వాలు సంగతి చెప్పింది, పొయ్యి సంగతి చెప్పింది. ఇంజనీరు తలూపుతూ ఓపిగ్గా విన్నాడు.

"అయితే సొరాయిదాయే ఉడికించి ఉంటుంది. పాడైన బూజు కల్చరుని పారేసే ముందు ఉడికించాలి. అది నియమం. ఆవిడ నియమాల మనిషి. నేను ఏడాదిగా చెబుతూనే ఉన్నాను లెఫ్టినెంట్, ఈ బూజు జాతి ముసలిదైపోయింది, పని చెయ్యట్లేదని. ఈసారి కొత్త మళ్ళల్లో బుడిపెలు చూడలేదా? చివరికి ఆవిడకీ అర్థమైనట్టుంది."

ఇది గట్టి మాటే. ఒదాలిస్ పక్కకి తిరిగి, "మిగ్దాలియా, ఉడికించిన ట్యూబు తర్వాత ఎక్కడికి పోతుంది?" అంది.

"కడిగే తొట్టిలోకి."

"మళ్ళీ ఫ్రిజ్‌లోకి, స్టాండులోకి, వరసగా?"

"ఉడికిన అన్నం తెచ్చి ఎవరైనా విత్తనాల కుండలో పోస్తారా!" అంది మిగ్దాలియా. తర్వాత డైరెక్టరు ముందు అంత గట్టిగా అన్నందుకు తానే ఉలిక్కిపడింది.

"ముసలితనం," అన్నాడు కెప్టెన్. "చీకట్లో పొరపాటు. మా అత్తగారు చెప్పులు పొయ్యిలో పెడుతుంది."

"ఆవిడని ఆఖరుసారి ఎప్పుడు చూశారు ఇంజనీరు గారూ?"

"మంగళవారం మధ్యాహ్నం, భోజనాలప్పుడు. తర్వాత చూడలేదు. సాయంత్రమంతా ఇంట్లో లాంతరు పెట్టుకుని దొమినో ఆడుకుంటున్నాం. మా ఆవిడని అడగండి."

"తర్వాత మాట్లాడలేదా? ఎవరిచేతైనా కబురు?"

"లేదు."

"ఆవిడ ఎక్కడికి వెళ్ళిందో, ఏం చేసిందో?"

"మధ్యాహ్నం తర్వాత ఆవిడ గురించి నాకేమీ తెలియదు. చనిపోయినవాళ్ళ విషయంలో అబద్ధమాడే మనిషిని కాను."

"విన్నావుగా," అన్నాడు కెప్టెన్. "ఇప్పుడు నీ సాక్ష్యం చెప్పు. చైనాగ్రాసు సమంగా ఉంది. కోర్టులో ఇదే అంటావా? జడ్జి గారు చెంచా తెప్పించుకుంటారు." తన హాస్యానికి తానే నవ్వి, గదికి సీలు తాళం వేసి జీపు దగ్గరికి నడిచాడు.

ఇంజనీరు ఆయన వెంటే వెళ్ళాడు. "ఒక చిన్న సంతకం కెప్టెన్ గారూ. విచారణ అయ్యేదాకా గోదాములోంచి ఏదీ తియ్యొద్దన్నారు. ఓ ప్లాస్టిక్ షీటు చుట్ట కావాలి. ఒక మడి శుభ్రం చెయ్యాలి, రోగం పాకుతోంది. మామూలు కాగితమే." కెప్టెన్ బానెట్టు మీద పెట్టి, మాట్లాడుతూనే సంతకం గీకేశాడు. చదవలేదు. ఇంజనీరు గోదాములోంచి చుట్ట తీసి సెంటరు గోడవారన ఉన్న తన మోటారుసైకిలు వెనక కట్టుకుని వెళ్ళిపోయాడు.

జీపు కూడా కదిలాక ఒదాలిస్ మెట్ల మీద కూర్చుంది. మిగ్దాలియా రెండు చిన్న కప్పుల్లో కాఫీ తెచ్చింది. అందులో కాఫీ కన్నా వేయించిన బఠాణీయే ఎక్కువ. ఇద్దరూ తాగారు.

"ఎవరికి ఏం లాభం మిగ్దాలియా? ఈ బూజు చస్తే ఎవరికి బాగుంటుంది?"

మిగ్దాలియా కప్పు మెట్టు మీద పెట్టింది. "వసంతం నుంచి నూకల బస్తాలు తేలిగ్గా వస్తున్నాయి. ఎక్కడ తేలికపడుతున్నాయో నాకు తెలీదు, తెలుసుకునేంత ధైర్యం లేదు. ఇంజనీరు గారు సగం ఊక కలిపి నింపమన్నారు. ఊకలో బూజు ఏం తిని బతుకుతుంది? సంచి తెల్లగా కనబడ్డానికి పైన మాత్రం కొంచెం పట్టేది. అవే కొత్త మళ్ళకి వెళ్ళాయి. సొరాయిదాకి తెలిసింది. బుధవారం రైతుల మీటింగులో మాట్లాడతానంది."

"మంగళవారం రాత్రి చనిపోయింది," అంది ఒదాలిస్. "ట్యూబులు బతికుంటే తప్పు సంచులది. ట్యూబులు చస్తే తప్పు బూజుది. ముసలి బూజు, సంచి నింపినవాళ్ళ తప్పేమీ లేదు." ఆమె బూట్ల వైపు చూసింది. "మీటింగు ముందురోజు ఆవిడ ఏదో మడికి వెళ్ళింది. ఎందుకు?"

"బూజు ఇంకా పనిచేస్తోందని చూపించడానికైతే, అది తింటున్న గుడ్లు కావాలి. గుడ్లు కావాలంటే బుడిపెలున్న వేరు కావాలి."

"కొత్త మళ్ళల్లో ఉన్నాయిగా?"

"అక్కడ బుడిపెలున్నాయి, బూజు లేదు. పాత మళ్ళల్లో బూజుంది, కానీ బుడిపెలు లేవు. అందరూ బుద్ధిమంతులే కదమ్మా! లెట్యూస్ ఆకుకూర వేస్తారు, పురుగులు ఆ వేళ్ళలోకి దూరతాయి, గుడ్లు పెట్టకముందే మొక్కని వేళ్ళతో సహా పీకి ఎండలో పడేస్తారు. ఆవిడ నేర్పిన పద్ధతే. ఊరంతా ఎంత బాగా నేర్చుకుందంటే, ఇప్పుడు ఆవిడ బూజు వెతుక్కోవడానికి ఒక్క చెడ్డ వేరు లేదు. రెండూ ఒకచోట ఉండాలంటే పాత మడి ఉండాలి, దాని యజమాని లెట్యూస్‌ని పీక్కుండా మెడ దగ్గర కోసుకునేంత బద్ధకస్తుడై ఉండాలి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎవెలియో!"

బుధవారం తర్వాత మిగ్దాలియా నవ్వడం అదే మొదలు. నవ్వు సగంలో ఆపేసి ఆమె లేచి నిలబడింది. "ప్లాస్టిక్ చుట్ట," అంది.

ఒక సైకిలు మీద ఇద్దరూ వెళ్ళారు. ఒదాలిస్ తొక్కింది.

ఎవెలియో తన మడి పక్కన బోర్లించిన పెట్టె మీద కూర్చుని పొగాకు చుట్ట నములుతున్నాడు. మడి మీద చివరి నుంచి చివరికి అద్దంలాంటి ప్లాస్టిక్ బిగించి ఉంది. లోపలివైపు నీటి చుక్కలు పట్టి మెరుస్తున్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ మాడుతోంది.

"రండి రండి! ఇవాళ నా మడికి చుట్టాలే చుట్టాలు. చొక్కా కూడా తొడిగారు చూడండి."

"ఎవరు పెద్దాయనా?"

"ఇంకెవరు, ఇంజనీరు గారు. తన చేతులతో నీళ్ళు పెట్టి, తన చేతులతో అంచులకి ఇటుకలు పేర్చాడు. ఆ చేతులు మట్టి ముట్టుకోవడం ఈ జన్మలో చూస్తాననుకోలేదు. కెప్టెన్ సంతకం చూపించాడు. పోలీసు కాగితంతో పోట్లాడే వయసా నాది? ఎండకి మట్టి ఉడికితే రోగం పోతుందట."

మిగ్దాలియా అప్పటికే ఇటుకలు తీసి అవతల పారేస్తోంది. ఒదాలిస్ ఆమెకి సాయం పడుతూనే అడిగింది. "ఇంకేమన్నాడు?"

"తిట్టాడు. తిట్టించుకోవడం నాకు అలవాటే, మా ఆవిడ బతికుండగా బాగా నేర్పింది. 'ముసలాడా, నీ బద్ధకం ఊరికి చేటు. మంగళవారం ఆవిడ నీ మడిలోంచి తవ్వుకెళ్ళిన వేళ్ళు చూస్తే కడుపులో తిప్పింది' అన్నాడు."

ఒదాలిస్ చేతిలో ఇటుక అలాగే ఉండిపోయింది. "ఆ మాట మళ్ళీ చెప్పు."

అతను చెప్పాడు.

"సొరాయిదా మంగళవారం నీ దగ్గరికొచ్చిన సంగతి ఎవరెవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు. వద్దంది. 'ఎవెలియో, రేపు అందరి ముందూ నీ వేళ్ళు చూపిస్తాను. నువ్వు ఇన్నేళ్ళు నా మాట విననందుకు నీకు దండం పెడతాను. అప్పటిదాకా నోరు మూసుకుని ఉండు' అంది. నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలమ్మా. నోరు మూసుకున్నాను. పొద్దున్నే ఆవిడ పోయిందన్నారు. తర్వాత ఎవరికి చెప్పను, ఎందుకు చెప్పను?" అతను చుట్ట తీసి పక్కకి ఉమ్మాడు. కళ్ళు తుడుచుకోవడానికి అది సాకు.

"ఎప్పుడొచ్చింది?"

"దీపాలు పోయాక. నేను లాంతరు పట్టుకున్నాను, ఆవిడ తవ్వింది. వేళ్ళు తడిగుడ్డలో చుట్టుకుంది. ఎండిపోతాయి, నేరుగా సెంటరుకే పోతున్నా అంది. పొద్దున రా అన్నాను. వింటుందా!"

ఒదాలిస్ ఇటుక కింద పెట్టింది. మాటలు ఒక్కొక్కటే ఏరుకుని పేర్చినట్టు మాట్లాడింది. "ఆ వేళ్ళ సంగతి తెలిసింది ఇద్దరికే. నీకు, ఆవిడకి. నువ్వు చెప్పలేదు. ఆవిడ ఇక్కడినుంచి నేరుగా సెంటరుకి వెళ్ళి, మళ్ళీ బయటికి రాలేదు. మధ్యాహ్నం తర్వాత ఆవిడ గురించి నాకేమీ తెలియదన్న మనిషి ఆ వేళ్ళని కళ్ళారా చూశాడు. తడిగుడ్డ గాని, వేళ్ళు గాని ఆ గదిలో మనకి దొరకలేదు."

"అంటే వాడు అక్కడ..." ఎవెలియో మాట పూర్తి చెయ్యలేదు.

"మిగ్దాలియా, మంగళవారం నువ్వు ఎప్పుడు బయల్దేరావు?"

"వెలుతురుండగానే. రొట్టె తీసుకుంటుంటే కరెంటు పోయింది. క్యూ అంతా అరిచింది."

"అయితే నువ్వు గడియ పెట్టింది ఖాళీ గదికి. ఆవిడ ఆ తర్వాత వచ్చింది. నువ్వు పెట్టిన గడియ తానే తీసుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ పెట్టిన చెయ్యి నీది కాదు."

మిగ్దాలియా మడి అంచున కూర్చుంది. ఏడవలేదు. మట్టిలో చేతివేళ్ళు గుచ్చింది. తర్వాత లేచి వెళ్ళి ఎవెలియో చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది.

"నాకెందుకమ్మా ఇది?" అన్నాడతను కంగారుగా.

"నువ్వు పట్టుకున్న లాంతరుకి."

ఒదాలిస్ మొహం పక్కకి తిప్పుకుంది. ఒక మనిషి బద్ధకానికి, ఇంకో మనిషి నిజాయితీకి, ఎండలో నిలబడి మనసులోనే దండం పెట్టుకుంది. ఈసారి ఆలస్యం చెయ్యదలచుకోలేదు. "పెద్దాయనా, నీకు మా అందరి తరఫునా చెబుతున్నాను. నువ్వు మారకపోవడం మంచిదైంది."

"ఇది మా ఆవిడ వినుంటే బాగుండేది," అన్నాడు ఎవెలియో.

ప్లాస్టిక్ లేపగానే ఆవిరి మొహాలకి కొట్టింది. మడి మధ్యలో మట్టి వేలు పెట్టలేనంత వేడిగా ఉంది. మిగ్దాలియా అక్కడ వెతకలేదు. గోడవారన బంతి మొక్కల నీడ పడే చోటికి వెళ్ళి, జానెడు లోతు తవ్వింది. అక్కడ మట్టి ఇంకా చల్లగానే ఉంది. కోసేసిన లెట్యూస్ మోడు ఒకటి, దాని కింద గుబురుగా వేళ్ళు వచ్చాయి. బుడిపెలు, వాటి మీద గుండుసూది తలల్లా గోధుమరంగు గుడ్ల ముద్దలు.

"ఉన్నాయి," అంది ఊపిరి బిగబట్టి. "మీద తెల్లగా నూగులా కనబడుతోంది. బూజేనేమో. మట్టిలో తెల్లగా ఉండేవి ఎన్నో ఉంటాయి, కంటితో చెప్పలేను. నలిపి మైక్రోస్కోపు కింద చూడాలి." తలకి కట్టుకున్న రుమాలు విప్పి, తడిపి, వేళ్ళని పసిబిడ్డని చుట్టినట్టు చుట్టింది.

జీపు వచ్చి ఆగింది. కెప్టెన్ నివాల్దో మూయాల్సిన ఫైలు మీద ఒదాలిస్ సంతకం కోసం వెతుక్కుంటూ వచ్చాడు; ఫైలు చేతపట్టుకుని దిగి, తొలగించిన ప్లాస్టిక్‌ని చూసి గట్టిగా అన్నాడు. "నా సంతకంతో జరిగిన పనిని పాడు చెయ్యడానికి నీకు అధికారం ఎవరిచ్చారు లెఫ్టినెంట్?"

ఒదాలిస్ నాలుగు వాక్యాల్లో చెప్పింది. ఎవెలియో తన వాక్యం తాను చెప్పాడు.  కెప్టెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ కాగితం మీద నా పేరుంది."

"ఉంది కెప్టెన్ గారూ."

"చదవలేదు."

"చూశాను."

ఆయన మడి వైపు తిరిగాడు. "మా అమ్మ టమాటాలు కూడా ఆవిడ సంచులతోనే బతికాయి. జిల్లా కేంద్రంలో. అక్కడిదాకా పంపేది," అన్నాడు. అది ఎవరితో అంటున్నాడో తెలియలేదు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు. "ఇంకో సంగతి. దారిలో ఇంజనీరు ఎదురుపడ్డాడు. కేసు అయిపోయింది కదా, ట్యూబులు కడిగించి గది సర్దించుకుంటానన్నాడు. సరే అన్నాను. సీలు తాళంచెవి ఇచ్చేశాను."

 సెంటరు వైపు, ఇళ్ళ కప్పుల మీదుగా కట్టెల పొగ సన్నగా పైకి లేస్తోంది. కుక్కరు పొయ్యి ఎక్కింది.

"ఎక్కండి," అన్నాడు కెప్టెన్.

మిగ్దాలియా తడి రుమాలు గుండెకి హత్తుకుని వెనక సీట్లో కూర్చుంది. ఒదాలిస్ ఆమె పక్కన కూర్చుంది. ఫైలు ఎవెలియో పెట్టె మీదే ఉండిపోయింది, దాన్ని ఎవరూ మూయలేదు. జీపు ఎర్రదుమ్ము రేపుతూ మలుపు తిరిగింది.

ఊళ్ళో నారు పోసుకునే రోజులు దగ్గరపడ్డాయి, నారుమట్టిలో కలపడానికి ఎవరి దగ్గరా బూజు లేదు. దగొబెర్తో ఇంకా పట్టుబడలేదు. ఊరికున్న ఒకే ఒక్క మైక్రోస్కోపు అతనున్న గదిలోనే ఉంది. రుమాల్లో ఉన్న వేళ్ళ మీద ఆ తెల్లటి నూగు ఏమిటో, అది బతికి ఉందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు.